తిన్న కంచం తనే కడిగే శెట్టిసారు

బాలసుబ్రహ్మణ్యానికి ఉన్నది ఒకటే జబ్బు. పిలవని ఇంటికి భోజనానికి పోవడం. మిగతా విషయాల్లో పెద్దమనిషే. బీడీ తాగడు, పేకాడడు, ఎవరి మీదా చాడీలు చెప్పడు, బస్సులో ముసలివాళ్లకు లేచి చోటిస్తాడు. కానీ పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఆయన కాళ్లు ఎవరో ఒకరి గడప వైపు తిరుగుతాయి. వాకిట్లో నలుగురికీ కనబడేటట్టు చెప్పులు విడిచి, తలవంచి లోపలికి తొంగిచూసి, "ఏం చేసినారమ్మా ఈపొద్దు?" అంటాడు. జవాబు ఏదైనా ఫలితం ఒకటే.

"ఏముంటాది సారూ, సంగటి, ఊరుబిండి."

"అయితే కూచుంటా."

"ఈపొద్దు ఒక్కపొద్దు సారూ, పొయ్యి ముట్టించలే."

"అయితే మజ్జిగియ్యి. కూచుంటా."

ఉద్యోగం పాలు పరీక్షించడం. సోమందేపల్లె దగ్గర హైవే పక్కన పాలు చల్లబరిచే కేంద్రం ఒకటి ఉండేది. చుట్టుపక్కల పల్లెల పాలు క్యాన్లలో అక్కడికి వచ్చి, చల్లబడి, ట్యాంకరెక్కి పట్నం పోయేవి. ఆ కేంద్రంలో లాబొరేటరీ అని బోర్డు తగిలించిన కొట్టుగదికి ఆయన అధిపతి. కదిరిలో కిరాణా అంగడి నడిపే కుటుంబం వాళ్లది. అన్న అంగట్లో కూచుంటే ఈయన బీఎస్సీ చదివి పాలల్లో పడ్డాడు. పల్లెల్లో ఎదురుగా శెట్టిసారు అనేవాళ్లు. వెనకాల తిండిశెట్టి.

తిన్నదంతా ఎక్కడికి పోతుందో ఎవరికీ అంతుపట్టలేదు. మనిషిని చూస్తే కరువు సాయం కోసం దరఖాస్తు పెట్టుకొని ఇంకా జవాబు రానట్టుండేవాడు.

ఈ జబ్బువల్ల అందరికన్నా ఎక్కువ నష్టపోయినవాడు గురప్ప. బండమీదపల్లె పాలను కేంద్రానికి చేర్చే టెంపో అతనిది. పొద్దున పాలు దించి తిరిగొచ్చేటప్పుడు శెట్టిసారు అందులోనే ఊళ్లోకి వచ్చేవాడు. మధ్యాహ్నం ఆయన్ను మళ్లీ కేంద్రంలో దించాలి. గురప్పకు ఆకలి, నిద్ర, కోపం ఒకేసారి వచ్చే వేళ అది. సారు ఎవరింట్లో ఉంటే ఆ ఇంటి ముందర టెంపో ఆపి హారన్ మీద చెయ్యి పెట్టి కూచునేవాడు.

"శెట్టిసారూ, పోదామా?"

"ఇంకొక ముద్ద, గురప్పా."

"ఆ ముద్ద ఇందాకే చెప్తిరి."

"అది సంగటిది. ఇది అన్నంది."

తినడం ఒక ఎత్తు, తిన్న తర్వాత ఇంకో ఎత్తు. కంచం ఎవర్నీ ముట్టనివ్వడు. పెరట్లోకి తీసుకుపోయి తనే తోముతాడు. తోమేది ఒక్క కంచం. పట్టేది పెండ్లిగిన్నెలు తోమినంత సేపు. తోముతూ తొట్లో నీళ్లు చూస్తాడు, బర్రెలు కట్టేసే గాటిపాట చూస్తాడు, పాలచెంబు ఎక్కడుందో చూస్తాడు.

తిమ్మక్క అని నోరున్న మనిషి ఆ ఊళ్లో. రెండు బర్రెలు, ఎండిపోయిన చేను ఆమె ఆస్తి. ఆమె ఒకరోజు నిలదీసింది.

"మా చేతికి ఏమంటుకొని ఉండాదని సారూ, కంచం కూడా ఇయ్యవు?"

"నా ఎంగిలి నువ్వు కడిగితే నాకు పాపంగదక్కా. అవునుగానీ, ఆ పాలచెంబును ఎండలో బోర్లించి చూడు, వెండి మాదిరి మెరుస్తాది."

"మా చెంబు మెరిస్తే నీకేమి?"

"మెరిసే చెంబును చూస్తే నాకు ఆకలవుతాది."

మరుసటి రోజునుంచి తిమ్మక్క చెంబును గాదె వెనక చీకట్లో దాచింది. దాన్ని మళ్లీ ఎండకు తెప్పించడానికి శెట్టిసారు ఆ ఇంట్లో వారం రోజులు భోంచెయ్యాల్సొచ్చింది.

అదే ఊరి ఎర్రన్న ఇంకా తెలివైనవాడు. టెంపో చప్పుడు వినబడగానే వాకిలికి బయటినుంచి తాళం వేసి, పెరటి గోడ దూకి లోపల కూచునేవాడు. ఒకరోజు శెట్టిసారు వచ్చి, తాళం చూసి, అరుగుమీద నింపాదిగా కూచున్నాడు.

"ఎర్రన్నా," అన్నాడు మూసిన తలుపుతో, "తాళం బయటుండాది. తిరగవాత వాసన లోపలుండాది. రెంట్లో ఏది నిజమప్పా?"

లోపల గరిటె చప్పుడు ఆగింది. తర్వాత ఎర్రన్న గొంతు, "ఆవాలు మాడిపోయినాయి సారూ, తినలేరు."

"మాడిందే నాకిష్టం."

ఎర్రన్న మళ్లీ గోడ దూకి వచ్చి తాళం తీశాడు.

ఇక ఆయన చేసే పరీక్ష ఊరికి అంతకన్నా వింత. గాజుగొట్టంలో పచ్చిపాలు పోసి, నీలిమందు కలిపి, గోరువెచ్చని నీళ్లలో నిలబెడతాడు. పాలు ఆకాశం రంగుకు తిరుగుతాయి. కంటికి కనబడని పురుగులు పాలల్లో ఎక్కువుంటే ఆ రంగు గబగబా పోయి పాలు తెల్లబడతాయి. తక్కువుంటే నీలం అట్లే నిలుస్తుంది. ఎంతసేపు నిలిస్తే పాలు అంత శుభ్రం. ఇది ఆయన ఊరందరికీ చెప్పి చూశాడు.

"తెల్లబడితే తప్పేముండాది సారూ?" అన్నాడు ఎర్రన్న. "పాలు తెల్లగుండేవే గదా. నీలంగా ఉంటే తప్పు."

"పురుగులు కూడా మన సారు మాదిరే," అని గురప్ప వివరించాడు. "పిలవకుండా వస్తాయి. ఉండేదంతా తినిపోతాయి."

ఊరంతా నవ్వింది. అందరికన్నా ఎక్కువసేపు నవ్వింది శెట్టిసారే. నవ్వి, గురప్ప చెప్పిందే బాగుండాదని, పక్క ఊళ్లో కూడా అట్లే చెప్పాడు.

ఇదంతా రెండువేల మూడు నాటి మాట. శెనక్కాయ వరసగా ఎండిపోతూ వచ్చింది. బోర్లు గాలి వదులుతున్నాయి. బండమీదపల్లెలో ఇంటికి నాలుగు దుడ్లు తెచ్చేది బర్రెలూ ఆవులే. సరిగ్గా అప్పుడు, ఎండలు ముదరకముందే, ఆ ఊరి క్యాన్ల పాలు సంగటి ఉడికేలోపల తెల్లబడడం మొదలుపెట్టాయి. చూసి చూసి, ఉగాదిలోగా బాగుపడకపోతే ఈ ఊరి పాలు మాకొద్దని కేంద్రం మేనేజరు కబురంపాడు. పాలు వద్దంటే టెంపో కూడా వద్దు.

పాలసంఘం ప్రెసిడెంటు విష్ణువర్ధన్ మీటింగు పెట్టాడు. భూములున్న ఇంటివాడు. సర్పంచి ఎన్నికలో ఓడిపోయి సంఘానికి ప్రెసిడెంటయ్యాడు. ఊరిని పాలించలేకపోయిన కసి అంతా పాల మీద చూపించేవాడు.

"ఎవరింటి పాలో పేరు చెప్పు శెట్టీ," అన్నాడు. "సంఘంలోంచి పేరు కొట్టేస్తా. ఒకరి పాపానికి ఊరంతా మునగల్లా?"

"ఇంకా తెలీలేదప్పా."

"ఊరంతా తిని కూడా తెలీలేదా?"

"ఇంకా కొన్ని ఇండ్లు ఉండాయి."

గురప్ప లేచి నిలబడ్డాడు. టెంపో ఆగిపోతే తన ఇంట్లో పొయ్యి ఆగిపోతుందని అతనికి నిద్ర పట్టడం లేదు. "పేరు కొట్టేస్తే చాలదు విష్ణన్నా. ఆ మనిషి ఎవడైనా సరే, గాడిద మీద ఎక్కించి వీధులన్నీ తిప్పల్ల. గాడిదను నేనే తెస్తా."

చప్పట్లు పడ్డాయి. ఊళ్లో ఆ మధ్య వేరే వినోదమేమీ లేదు. శెట్టిసారు గురప్ప వైపు కాసేపు చూసి, "గాడిదకు మేత ఎవరు పెడతారు?" అని మాత్రం అడిగాడు.

ఆనాటినుంచి ఆయన తిండికి హద్దు లేకుండా పోయింది. పొద్దున ఒక ఇంట్లో ఉగ్గాని, ఎండెక్కినాక ఇంకో ఇంట్లో సంగటి, దిగేలోపల మూడో ఇంట్లో అలసంద గుగ్గిళ్లు. కోడికూర ఉడికే ఇండ్లలో మజ్జిగ. ఊరికి ఉరి బిగుస్తుంటే ఈయన కంచం చుట్టూ తిరుగుతున్నాడని గురప్ప రచ్చబండ దగ్గర తిట్టేవాడు, టెంపోలో తిట్టేవాడు, కేంద్రం గేటు దగ్గర సారును దించేటప్పుడు ఎదురుగానే తిట్టేవాడు.

"సిగ్గుండల్ల శెట్టిసారూ."

"ఉండాది గురప్పా. కడుపులోనే కొంచెం కూడా చోటు లేదు."

ఎర్రన్న ఇంట్లో ఆ రోజు కంచం తోముకొని వచ్చి చెయ్యి చాపాడు. "తుడుచుకునేదానికి నీ తుండుగుడ్డ ఇయ్యి ఎర్రన్నా. కంచం తడిగా ఉండాది."

"దీంతోనా? ఛీ, ఇది బర్రెను తుడిచిన గుడ్డ సారూ. మొహం కూడా దీంతోనే తుడుచుకుంటి."

"అట్లనా. మరి పాలచెంబును దేంతో తుడుస్తావు?"

ఎర్రన్న తుండుగుడ్డను చూశాడు. చెంబును చూశాడు. గుడ్డను భుజంమీదనుంచి తీసి చంకలో దాచుకున్నాడు. ఆ తర్వాత ఎర్రన్న పాలు సాయంత్రం దాకా నీలంగా నిలిచాయి. కారణం శెట్టిసారు ఎవరికీ చెప్పలేదు. ఎర్రన్న అసలే చెప్పలేదు.

ఇట్లా ఒక్కొక్క ఇల్లూ నీలమైంది. విచిత్రమేమంటే, ఇంటింటి దగ్గర గొట్టంలో పట్టిన పాలు నీలంగా నిలుస్తున్నాయి. అవే పాలు క్యాన్లో పడి కేంద్రం చేరినాక పరీక్షిస్తే తెల్లబడుతున్నాయి. ఉగాదికి ఇంకా వారమే ఉంది. విష్ణువర్ధన్ రోజూ పేరు అడుగుతున్నాడు. గురప్ప గాడిద కోసం పక్క ఊరిలో మాట్లాడి వచ్చాడు.

ఆ మధ్యాహ్నం శెట్టిసారు చెప్పులు గురప్ప వాకిట్లో విడిచాడు.

గురప్ప నమ్మలేకపోయాడు. ఇన్నేండ్లలో ఆయన అడుగుపెట్టని ఇల్లు ఊళ్లో అదొక్కటే. రోజూ టెంపోలో కూచుంటాడుగదా, ఆ మొహమాటమేమో అనుకునేవాడు.

"ఏం చేసినావమ్మా ఈపొద్దు?"

"అలసంద వడలు సారూ," అంది గురప్ప భార్య ఆంజినమ్మ. ఆమెకు ఈయనంటే కోపం లేదు. మొగుడు పొద్దస్తమానం తిట్టే మనిషి కాబట్టి కొంచెం మంచివాడే అయ్యుండాలని ఆమె నమ్మకం.

వడలు తిని, కంచం తోముకొని వచ్చి, శెట్టిసారు అరుగుమీద కూచున్నాడు.

"గురప్పా, చాన్నాళ్లనుంచి అడగల్లనుకుంటాండా. ఊరినుంచి హైవే దాకా దారంతా గుండ్రాళ్లు. మూడు క్యాన్లూ వెలితిగానే ఉంటాయి ఈ కరువులో. చుక్క తొణక్కుండా ఎట్ల తెస్తావప్పా?"

గురప్ప పొంగిపోయాడు. ఎన్నేండ్లుగానో పాలు మోస్తున్నాడు, ఈ మాట ఒక్కడూ అడగలేదు. లేచి పోయి టెంపో సీటు కింద చెయ్యి పెట్టి మూడు గడ్డిచుట్టలు తెచ్చాడు. నీళ్లకుండ కింద పెట్టే చుట్టకుదురు మాదిరి గట్టిగా పేనినవి. నల్లగా నిగనిగలాడుతున్నాయి.

"ఇది పాల మీద తేలేస్తే అల లేవదు సారూ. బండి ఎంత ఎగిరినా పాలు పండుకొనే ఉంటాయి. కేంద్రం రాకముందే తీసేస్తా, ఆడ చూస్తే నవ్వుతారని. మా నాయన పేనింది. సైకిలు మీద పాలు పోసే కాలంది. క్యాన్లు నిండేది తగ్గినాక మళ్లీ బయటికి తీసినా."

"మంచి పేనిక," అన్నాడు శెట్టిసారు మనస్ఫూర్తిగా. "కడుగుతావా?"

"కడిగితే గడ్డి విడిపోదా? విదిలిస్తా. పాలు తాగీ తాగీ గట్టిపడి ఉండాది, సూడండి, రాయి మాదిరి..."

రాయి మాదిరి దగ్గర గురప్ప గొంతు కొంచెం నెమ్మదించింది.

శెట్టిసారు జేబులోంచి రెండు గొట్టాలు తీశాడు. ఆంజినమ్మ అప్పుడే పిండిన పాలు రెంట్లోనూ పోయించి, నీలిమందు కలిపి, ఒకదాంట్లో మాత్రం ఆ చుట్టనుంచి తుంచిన గడ్డిపరక వేసి మూత బిగించాడు. వెచ్చగా పెట్టడానికి నీళ్ల తొట్టె అక్కడ లేదు. చొక్కా గుండీలు విప్పి కుడి చంకలో ఒకటి, ఎడమ చంకలో ఒకటి పెట్టుకొని పొదిగే కోడి మాదిరి కూచున్నాడు.

"అదేంది సారూ?" అంది ఆంజినమ్మ.

"మనిషి చంకంత వెచ్చన యాడా దొరకదమ్మా. గవుర్మెంటు ఇంకా కనిపెట్టలేదు. చేతులు ఆడవుగానీ, ఇంకో రెండు వడలు నోట్లో పెట్టిస్తే తింటా."

గురప్ప వడలు పెట్టాడు. కాఫీ తాగించాడు. చాలాసేపటికి శెట్టిసారు రెండు గొట్టాలూ తీసి అరుగుమీద నిలబెట్టాడు. ఒకటి నీలంగా ఉంది. గడ్డిపరక ఉన్నది పాలంత తెల్లగా ఉంది.

గురప్ప తెల్లబడిన గొట్టాన్ని తీసుకొని ఎండకు ఎత్తి చూశాడు.

"గాడిదను మాట్లాడి వచ్చినా సారూ," అన్నాడు చివరికి.

"తెలుసు. బయానా ఇచ్చినావా?"

"ఇచ్చినా."

"పోనీలే. గాడిద కూడా ఏదో బతుకుతాది."

"మీకు ముందే తెలుసా?"

"నాలుగు దినాలనుంచి అనుమానం. ఇండ్లన్నీ అయిపోయినాక మిగిలింది దారే గదా. దారిలో ఉండేది నువ్వొక్కడివే." శెట్టిసారు చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. "తప్పు నీది కాదప్పా. కరువుది. పాలు తగ్గి క్యాన్లలో వెలితి పడినందుకే తొణికేది. మూడు వెలితి క్యాన్లు ఎందుకు? రెండింటిని గొంతుదాకా నింపు. అల లేచేదానికి చోటుండదు. చుట్ట పనే లేదు."

"మరి ఇవి?" అంది ఆంజినమ్మ. "మామ పేనినవి."

"కుండ కింద పెట్టుకోండి. అంత బాగా పేనిన చుట్ట నేను యాడా చూళ్లేదు."

గురప్పకు అది వినబడలేదు. అతని చూపు వాకిట్లో ఉంది. దారినపోయే వాళ్లు ఒకరిద్దరు శెట్టిసారు చెప్పులు చూసి, లోపలికి తొంగిచూసి పోతున్నారు.

"మీరు మా ఇంటికి వచ్చింది ఊరంతా చూసింది సారూ. రేపు పాలు నీలంగా నిలిస్తే లెక్క కట్టేస్తారు. సంఘంలోంచి తీసేస్తారు. బండి పోతాది. గాడిద..."

"ఎట్ల కడతారు? రేపు విష్ణువర్ధన్ ఇంట్లో తింటా. ఎల్లుండి తిమ్మక్క ఇంట్లో. ఆ తర్వాత మళ్లీ ఎర్రన్న."

"ఆ ఇండ్లలో ఇంకేం తప్పుండాది?"

"విష్ణువర్ధన్ ఇంట్లో ఎప్పుడూ తప్పు లేదు. ఆ ఇంటి పాలు మొదటినుంచీ బంగారమే."

"మరి ఆయన ఇంట్లో అన్నిసార్లు ఎందుకు తిన్నారు?"

శెట్టిసారు ఇబ్బందిగా కదిలాడు. జీవితంలో మొదటిసారి తిండి గురించి మాట్లాడడానికి మొహమాటపడ్డాడు. "పాలు చెడిపోయిన ఇంటికే పోతే, నా చెప్పులు యాడుంటే ఆడ దొంగ దొరికినట్టే గదా. ఆ ఇంట్లో పాలు ఎవరు కొంటారు? పిల్లను ఎవరు చేసుకుంటారు? అందుకని అన్ని ఇండ్లకూ పోతా. ఒక్క ఇంట్లో పనికి పది ఇండ్లలో తినల్ల. నాకు ఆకలయ్యి ఎన్నేండ్లయిందో గుర్తు కూడా లేదు గురప్పా."

ఆంజినమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అయితే ఇప్పుడు వడలు కూడా మొహమాటానికే తిన్నారా?"

"లేదమ్మా," అన్నాడు శెట్టిసారు తొందరగా. "వడలు నాకోసమే తింటి."

మరుసటి రోజునుంచి గురప్ప రెండే క్యాన్లు ఎక్కించాడు. కేంద్రంలో బండమీదపల్లె గొట్టం పొద్దున నీలంగా ఉంది, మధ్యాహ్నం నీలంగా ఉంది, సాయంత్రం మేనేజరు వచ్చి నీలిమందు ఎక్కువ పోసినారేమో అని అనుమానంగా చూసినప్పుడు కూడా నీలంగానే ఉంది. ఉగాదికి రెండురోజుల ముందు, పాలు తీసుకుంటామని కబురొచ్చింది.

విష్ణువర్ధన్ మళ్లీ మీటింగు పెట్టాడు. ఈసారి జనం ఎక్కువ వచ్చారు. గాడిద కూడా వస్తుందని పుకారు.

"ఇప్పుడన్నా చెప్పు శెట్టీ. ఎవరింటిది?"

గురప్ప వెనక వరసలో గోడకు ఆనుకొని నిలబడి ఉన్నాడు. గోడ లేకపోతే నిలబడేవాడు కాదు.

శెట్టిసారు తల గోక్కున్నాడు. "కనిపెట్టినా గానీ ప్రెసిడెంటూ, మీ ఇంట్లో ఓళిగలు తింటాండగా మర్చిపోయినా."

ఊరంతా ఒక్కసారి పగలబడి నవ్వింది. విష్ణువర్ధన్ తలపట్టుకొని, తిండి తప్ప వేరే ధ్యాసే లేని మనిషిని అడగడం తన తప్పేనని చెప్పి మీటింగు ముగించేశాడు. తిమ్మక్క వెళ్తూ వెళ్తూ, "ఓళిగల్లో నెయ్యి ఎక్కువైతే ఎవరికైనా అంతే" అంది.

ఆ సాయంత్రం గురప్ప దారిలో టెంపో ఆపి సారు వైపు తిరిగాడు. "ఇంక జన్మలో మిమ్మల్ని ఒక్క మాట అనను సారూ."

శెట్టిసారు ఉలిక్కిపడ్డాడు. "అంత పని చెయ్యద్దప్పా. ఇన్నేండ్లు తిట్టి, సరిగ్గా ఇప్పుడు మానేస్తే ఊరు ఏమనుకుంటాది? తిట్టల్ల. మునుపటికన్నా ఎక్కువ తిట్టల్ల."

అప్పటినుంచి గురప్పకు అదొక ఉద్యోగమైంది. శెట్టిసారు ఏ ఇంట్లో కూచుంటే ఆ ఇంటి ముందర టెంపో ఆపి, హారన్ కొట్టి, వీధి చివరిదాకా వినబడేటట్టు తిట్టేవాడు. తిండిబోతు, సిగ్గులేనోడు, కరువుకే కరువు తెచ్చే మనిషి. కొత్త తిట్ల కోసం రాత్రిపూట ఆంజినమ్మను అడిగేవాడు. ఊరు దాటి మలుపు తిరగ్గానే డాష్‌బోర్డు మీదినుంచి పొట్లం తీసి సారు చేతిలో పెట్టేవాడు. వాము, సైంధవలవణం కలిపి ఆంజినమ్మ దంచి పంపింది. అరగడానికి.

ఒకసారి ఎండాకాలం మధ్యాహ్నం, తిమ్మక్క ఇంట్లో సారు మూడో ముద్ద దగ్గర ఉన్నాడు. గురప్ప టెంపో ఆపాడు. చెమటలు కక్కుతూ ఆ ముద్దను కళ్లుమూసుకొని మింగుతున్న మనిషిని గడపలోంచి చూసి, నోరు పెగల్లేదు. అట్లే నిలబడిపోయాడు. వీధిలో ఒకరిద్దరు తలుపులు తెరిచి, ఏమిటీ నిశ్శబ్దమని తొంగిచూశారు.

శెట్టిసారు కంచం ముందరనుంచే తల తిప్పి గొంతు తగ్గించి అన్నాడు, "ఏమప్పా గురప్పా, జనం చూస్తాండారు. తిట్టు."